సోర్స్: అన్విత గారు, ఫోన్‌లో

వాన పడితే సత్తెనపల్లి రైతుకు వెంటనే తెలుస్తుంది. వాతావరణ వివరాల పోర్టల్‌కు తెలియాలంటే ముప్పై ఒక్క గడులు నింపాలి.

నింపే పని చైతన్యకృష్ణది. సత్తెనపల్లి దగ్గర వాతావరణ కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగి. నింపినవాటిని తిప్పి పంపే పని అన్వితది. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీది డేటా ఆఫీసు ఆమెది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మొదటి రికార్డు తిరిగొచ్చిన రోజు అతనే ఫోన్ చేశాడు.

"కల్లం వాన అని రాశారు. ఈ కీవర్డ్ ఎక్కడిదండీ?" అంది అన్విత.

"ఆరబోసిన మిర్చి మీద పడే వానండి. మా వైపు అందరూ అంటారు."

"అందరూ అంటే ఏ జాబితా? ఎన్నో ఎడిషన్?"

"ఊరికి ఎడిషన్లు లేవండి."

అటువైపు అన్విత నవ్వు ఆపుకుంది. 

"కీవర్డ్ అంటే మీకు తోచిన మాట కాదండీ. గుర్తింపు ఉన్న పదాల జాబితా ఉంటుంది. అందులోంచే తీసుకోవాలి. ఎక్కడ తీసుకున్నారో పక్కన సోర్స్ గడిలో రాయాలి. అప్పుడే ఎక్కడో కూర్చుని వెతికేవాళ్లకి మీ వాన దొరుకుతుంది."

"ఎవరు వెతుకుతారండీ?"

"ఇంతవరకు ఎవరూ వెతకలేదు."

"మరి నా వానకి ఏం రాయాలి?"

"లిక్విడ్ ప్రెసిపిటేషన్."

"లిక్విడ్ కాని వాన ఉంటుందా అండీ?"

"మీ ఊళ్లో వడగళ్లు పడవా?"

"పడతాయండి."

"మరి?"

"రాస్తానండి."

నెలకొకటి చొప్పున రెండేళ్ల రికార్డులు ఇరవై నాలుగు. మార్చి 31లోగా అవి పోర్టల్ ఎక్కకపోతే అతని కాంట్రాక్టు పొడిగించరు. ఆ మాట ఆర్డరులోనే ఉంది.

రోజుకు ఒక రికార్డు. రోజూ పదకొండింటికి ఫోన్. ఆమె పదాలు చెప్పేది, అతను రాసుకునేవాడు. దానికి పది నిమిషాలు. ఫోన్ మాత్రం నలభై నిమిషాలు నడిచేది. బ్రాడీపేటలో ఏ లైను హోటల్లో అట్టు బాగుంటుందో మిగతా ముప్పై నిమిషాల్లో అతనికి తెలిసింది.

ఇరవై నాలుగూ కలిపి ఒకేసారి పంపాడు. ఆ రోజు అన్విత సెలవు. అవి ఆఫీసు అధికారి శేషాచలం గారి దగ్గరకు వెళ్లాయి. 28న ఆయన చైతన్యకృష్ణను గుంటూరు రప్పించి, ఇద్దరినీ తన గదిలోకి పిలిచారు. అతను ఆమెను చూడడం అదే మొదలు. సరిగ్గా చూడడానికి వీలు మాత్రం దొరకలేదు. శేషాచలం చదవడం మొదలుపెట్టారు.

"కీవర్డ్, విండ్ స్పీడ్. సోర్స్, అన్విత గారు, ఫోన్‌లో. కీవర్డ్, హ్యుమిడిటీ. సోర్స్, అన్విత గారు, ఫోన్‌లో. ఇరవై నాలుగింటిలోనూ ఇదేనయ్యా! ఈ అమ్మాయి జాబితా ఎప్పుడయింది?"

"ఎక్కడ తీసుకుంటే అక్కడి పేరు రాయమన్నారు సార్. రాశాను."

ఆయన అన్విత వైపు తిరిగారు. "జాబితా పేరు ఇతనికి చెప్పలేదామ్మా?"

"చెప్పలేదు సార్."

"ఎందుకని?"

"చెబితే పదాలు ఆయనే వెతుక్కుంటారు సార్."

"మంచిదేగా?"

"ఫోన్ చేయరు సార్."

శేషాచలం కళ్లజోడు తీశారు. ఆయన సొంత రికార్డుల్లో సోర్స్ గడి ఎనిమిదేళ్లుగా ఖాళీ. అయినా ఇలాంటి వివరణ ఏ ఫైల్లోనూ చూడలేదు.

"నువ్వేమంటావయ్యా?"

"జాబితా సంగతి నాకు మొదటి వారమే తెలుసు సార్. నెట్‌లో దొరికింది."

అన్విత తల తిప్పింది. "తెలిసీ ఇన్నాళ్లు ఫోన్ చేశారా?"

"చేశానండి."

"మరి దాని పేరే రాసి చావొచ్చుగా?"

"నేను పదాలు తీసుకుంది దాంట్లోంచి కాదు కదండీ."

శేషాచలం కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మీ సంగతి మీరు చూసుకోండి. 31కి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఈమె పేరు తీసేసి జాబితా పేరు, ఎడిషన్, తేదీ పెట్టు. ఇక్కడే కూర్చో. మళ్లీ ఫోన్ అన్నావంటే ఊరుకోను."

రికార్డుకు తొమ్మిది కీవర్డ్‌లు. రెండు వందల పదహారు చోట్ల అతను ఆమె పేరు తుడిచాడు. ఆమె పక్కన కూర్చుని, తుడిచాడో లేదో సరిచూసింది.

31 సాయంత్రం అయిదుంపావుకు పోర్టల్ అన్నిటినీ తీసుకుంది. కాంట్రాక్టు పదకొండు నెలలు పొడిగించారు. వారం తర్వాత ఆర్డరు కాపీ చూపించడానికి వచ్చి అతను ఆఫీసు మెట్లు దిగుతుంటే అన్విత వెనకే వచ్చింది.

"పదకొండు నెలలు సరిపోతాయా?"

"దేనికండీ?"

"మా నాన్నని ఒప్పించడానికి."

అతను మెట్టు మీద ఆగాడు. "ఏం చేస్తారండీ నాన్నగారు?"

"మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మొదటి మాటకి ఎవరికీ ఒప్పుకోరు."

"అయితే ఆ మొదటి 'కుదరదు' ఏదో రేపే అనిపించుకుంటానండి."

"రండి. కానీ ఎన్నాళ్ల పరిచయమని అడిగితే మాత్రం సోర్స్ గడిలో రాసినట్టు తేదీ, టైమూ చెప్పకండి."