రేకు కింద గొంతు

ఆ వీధిలో చివరి ఇంటి పెరడుకి చెడ్డపేరు ఉండేది. చీకటి పడ్డాక అటు వెళితే ఏదో కాళ్ళు పట్టి కిందికి లాగుతుందని, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని చెప్పుకునేవారు. ఆ ఇంటావిడ చెప్పగా విన్నవాళ్ళు చెప్పిన సంగతి ఇది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇంటి యజమాని కష్టపడి తెచ్చిపెట్టాడు.

ఆయన్ని అందరూ రేపుచూద్దాంగారు అనేవారు. కుళాయి కారినా, మెట్టు విరిగినా ఆయన నోట వచ్చే మాట అదే మరి. పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఆయన తండ్రి కట్టించింది. ఆ ఏడాది వానలు వెలిసేసరికి పైన స్లాబు బీటలు వారి, మధ్యలో ఒక ముక్క ఊడి లోపల పడింది. మేస్త్రీ వచ్చి చుట్టూ తట్టి చూశాడు. చువ్వలన్నీ తుప్పు పట్టిపోయాయని, లోపలి గోడ కూడా ఒరిగిందని, అతుకులు పనికిరావని, తవ్వి కొత్తది కట్టాల్సిందేనని చెప్పాడు.

"రేపు చూద్దాం," అన్నాడాయన.

కన్నం మీద ఒక రేకు పరిచాడు. రేకు మీద కాస్త మట్టి చల్లాడు. పై వాటాలో దర్జీ కుటుంబం అద్దెకుంది. వాళ్ళ పిల్లలు పెరట్లోనే ఆడుకుంటారు. రేకు మీద కాలు వేస్తే? ఆ ఆలోచన వచ్చినవాడు ఎవడైనా మేస్త్రీని పిలుస్తాడు. ఈయన దెయ్యాన్ని పిలిచాడు.

ఓ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, గొంతు తగ్గించి దర్జీతో అన్నాడు — "ఎవరితో అనకు. మా నాన్న హయాంలో ఆ మూల ఒకడు పోయాడు. రాత్రిళ్ళు పిలుస్తుంటాడు. మనవాళ్ళ గొంతే... అచ్చం మనవాళ్ళదే. పలికావో, అంతే."

"పలక్కపోతే?"

"తెల్లారేసరికి తనే పోతాడు."

ఎవరితో అనకు అన్నాడు కాబట్టి రెండ్రోజుల్లో వీధంతా తెలిసింది. భార్యకీ ఇదే కథ చెప్పాడు. మేస్త్రీ వచ్చిన రోజు ఆవిడ చెల్లెలి ఇంట్లో ఉంది. నిజం తెలిస్తే పని చేయించేదాకా ఊరుకోదని ఆయన భయం.

పిల్లలు పెరడు వైపు రావడం మానేశారు. రేకు కింద బుడబుడమని చప్పుడయ్యేది, ముక్కు బద్దలయ్యే వాసన వచ్చేది. రెండూ దెయ్యానికే అంటగట్టారు. సిమెంటు లేకుండా ట్యాంకు బాగుచేసిన మొనగాడిలా ఆయన మీసం దువ్వుకున్నాడు.

ఒక్కటే చిక్కు. దర్జీవాళ్ళు భయపడి పెరటి దీపం రాత్రంతా వెలగనిచ్చేవారు. కరెంటు దండగవుతోందని ఆయనకి నిద్ర పట్టేది కాదు.

ఆ రాత్రి రెండు దాటింది. హాల్లో పడుకున్నవాడు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళాడు. స్విచ్చి అవతలి గోడకి ఉంది. వెలుగులో రేకుని తప్పుకునే వెళ్ళాడు. స్విచ్చి నొక్కాడు.

చీకటి.

వెనక్కి తిరిగాడు. ఒక అడుగు... రెండు... మూడో అడుగు చల్లగా తగిలింది.

కిర్రుమంది — ఆ తర్వాత నేల లేదు.

చంకల దాకా దిగబడిపోయాడు. మోచేతులు స్లాబు అంచుకి ఆనాయి కాబట్టి తల బయట మిగిలింది. కాళ్ళకి ఏం తగులుతోందో చెప్పక్కర్లేదు. మోచేతుల కింద సిమెంటు పొడిపొడిగా రాలుతోంది. అది ఊడిందంటే ఇక మనిషి దక్కడు.

"ఏమే..." గట్టిగా అరిస్తే స్లాబు కదులుతోంది. అందుకని గుసగుసగా — "ఏమే... ఇలా రా... చెయ్యందించు..."

కిటికీలో భార్య నీడ కనిపించింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

నీడ ఒక్క క్షణం ఆగింది. మెల్లగా కిటికీ రెక్క మూసింది. గడియ పెట్టిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"దర్జీ... ఓ దర్జీ..."

పైన దీపం వెలిగి, వెంటనే ఆరిపోయింది. దర్జీ భార్యతో అంటున్నాడు — "పలక్కు. అచ్చం ఆయన గొంతే. ముందే చెప్పాడు కదా, పాపం."

తన మాట తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళు ఇంటినిండా ఉన్నారని ఆయనకి ఆ రాత్రే తెలిసింది. నేనే, నిజంగా నేనే అని మొత్తుకున్నాడు. దెయ్యం మాత్రం ఇంకేమంటుంది?

తెల్లారాక దర్జీ తల్లి బట్టలు ఆరేయడానికి కిందికి వచ్చింది. ఆవిడకి బొత్తిగా చెవుడు. దెయ్యం కథా వినలేదు, పిలుపులూ వినలేదు. నేల మీద తల ఒకటి కనిపిస్తే వంగి చూసింది.

"ఏం నాయనా, కడగడానికి నువ్వే దిగావా?" అంది.

ఆవిడ కేకేస్తే అందరూ వచ్చి తాడు వేసి లాగారు. పది బకెట్లు కుమ్మరిస్తే గానీ మనిషి ఆనవాలు తెలియలేదు. ఆ తడి ఒంటితోనే నిజం ఒప్పుకున్నాడు. దెయ్యం లేదన్నాడు, రేకు తనదేనన్నాడు. భార్య దగ్గరికి రాలేదు. తువ్వాలు మాత్రం దూరం నుంచి విసిరింది. మధ్యాహ్నానికల్లా మేస్త్రీ గునపం పట్టాడు.

పాతదంతా తవ్వేశారు. కొత్త గోడలు, కొత్త స్లాబు, గాలి గొట్టం, బిగుతైన ఇనప మూత. పిల్లలు మళ్ళీ పెరట్లోకి వచ్చారు. న్యాయంగా కథ ఇక్కడితో అయిపోవాలి.

పదిరోజులు గడిచాయి. ఆయన హాల్లో పడుకోవడం మానేసి భార్య పక్కనే పడుకుంటున్నాడు. పెరటి దీపం ఆర్పితే ఇప్పుడు ఒప్పుకోనిది ఆయనే. ఓ రాత్రి, రెండు దాటాక, మెలకువ వచ్చింది.

ఇనప మూత కిందినుంచి... సన్నగా...

"ఏమే... ఇలా రా... చెయ్యందించు..."

తన గొంతే. అచ్చం తనదే.

భార్య భుజం తట్టాడు. ఆవిడ మెలకువగానే ఉంది. ఇటు తిరగలేదు.

"నాలుగు రాత్రుల నుంచీ వింటున్నాను," అంది గుసగుసగా. "పలక్కండి. తెల్లారేసరికి తనే పోతాడని మీరేగా చెప్పారు."