లోపలి నుంచి తట్టిన తలుపు

ఢిల్లీ ఓఖ్లాలో పాత ప్రింటింగు ప్రెస్సుల వెనక నీలం అద్దాల బిల్డింగు ఒకటుంది. దాని రెండో బేస్‌మెంటులో ఎవరూ బండి పెట్టరు. పైన రోడ్డు మీద చోటు కోసం తన్నుకు చస్తారు గానీ, కిందికి మాత్రం దిగరు. ఊడ్చే మనిషి కూడా పట్టపగలే వెళ్లి, సగం ఊడ్చి వచ్చేస్తాడట. అక్కడ గాలి మంచిది కాదంటారు. గాలి అంటే మన ఊళ్లలో సోకింది అంటామే, అది కాదు... పీల్చుకునే గాలే. ముక్కు దాకా వస్తుందట — లోపలికి పోదట.

నాకీ సంగతి చెప్పింది మల్లేశం. సిద్దిపేట మనిషి, డేటాబేస్ పని చేస్తాడు. మునిర్కాలో మా పైవాటాలో ఉండేవాడు. లేనిది కల్పించి చెప్పే రకం కాదు. దెయ్యాలంటే నవ్వేవాడు కూడా... ఆ డిసెంబరు దాకా.

అతను కొత్తగా చేరిన కంపెనీకి ఢిల్లీ చుట్టుపక్కల డయాలసిస్ సెంటర్లున్నాయి. ఏ పేషెంటుకి ఏ మందు, ఎంత మోతాదు, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి — అన్నీ సాకేత్ ఆఫీసులో ఉన్న సర్వర్లోనే. ఆ సర్వర్ ఒకనాడు మధ్యాహ్నం పోయింది. పోతే పోయింది, బ్యాకప్ ఉందిలే అనుకున్నారు. చూస్తే అదీ పడిపోయి ఉంది. ఎప్పుడు పడిందో కూడా ఎవరికీ తెలియదు.

ఆ బ్యాకప్ సర్వర్ ఉన్నది ఓఖ్లా బిల్డింగులో, రెండో బేస్‌మెంటులో.

కంపెనీ ఒకప్పుడు అక్కడే ఉండేది. అంతా సాకేత్‌కి మారినా, ఆ ఒక్క పెట్టెనీ అక్కడే వదిలేశారు. ఎందుకు వదిలేశారో మల్లేశం అడగలేదు. తెల్లారితే పేషెంట్లు వస్తారు. ఒక్కపూట ఆగితే ఒంట్లో విషం పెరిగే మనుషులు. వివరాలు లేకుండా మిషను ఎక్కించలేమని డాక్టర్లు తేల్చి చెప్పేశారు. మేనేజరు భరద్వాజ్ కొత్త డిస్కులు చేతిలో పెట్టి, "మీరు వెళ్లండి" అన్నాడు. పాతవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

సాకేత్‌లో అతనికి తోడుగా ఉండిపోయింది ఇషిత. అప్పుడే చదువైపోయి చేరిన పిల్ల. అమ్మానాన్నలది విజయవాడ, తను పుట్టింది ఇక్కడే. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఇప్పుడా ఉద్యోగంలో లేదు.

మల్లేశం వెళ్లేసరికి పొగమంచు దిగింది. గేటు దగ్గర గార్డు రామ్‌ఖిలావన్ కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు.

"అకేలే?" అన్నాడు, ఒక్కడివేనా అని.

"హా, భయ్యా. అకేలే."

ముసలాయన నిప్పుల వంకే చూస్తూ మెల్లగా అన్నాడు — "దర్వాజా బంద్ మత్ కర్‌నా."

కింద ఒకటే గది. ఇనప తలుపు. లోపలికి వెళ్లాలన్నా, బయటికి రావాలన్నా కార్డు చూపించాల్సిందే. ముసలాయన తలుపు మూయొద్దన్నాడు కదాని మల్లేశం దానికి కుర్చీ అడ్డం పెట్టాడు. మొబైల్‌కి సిగ్నల్ లేదు. బల్ల మీద తీగ ఫోను ఉంది. దాంతో ఇషితకి కలిపి, రిసీవరు పక్కన పెట్టి, స్పీకరులో మాట్లాడుతూ పనిలో దిగాడు.

పాడైన డిస్కులు తీశాడు. కొత్తవి పెట్టాడు. సర్వర్‌ని మొదటినుంచీ కట్టాడు. సాకేత్ నుంచి ఇషితకి కనపడేలా కలిపాడు. పాత కాపీ ఉన్న డిస్కు ఒక్కటి బతికే ఉంది — ప్రాణం లేచొచ్చింది. తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఆఫీసు కాగితాల్లో ఉన్నవన్నీ కొట్టి చూశాడు. ఏదీ పనిచేయలేదు.

ఇషిత భరద్వాజ్‌ని లైన్లోకి తెచ్చింది.

"సార్, ఇది పెట్టిందెవరు? అడిగి చెప్పుండ్రి."

"పాత ఆపరేటరు పెట్టాడు. అతను లేడు."

"నౌకరి ఇడిసిండా? ఫోన్ నంబరన్న ఇయ్యుండ్రి."



"లేడు అన్నాను కదా, మల్లేశం."

భరద్వాజ్ తన ఫోను పెట్టేశాడు. ఇషిత మాత్రం లైన్లోనే ఉంది.

అప్పుడు వెనక చిన్న చప్పుడైంది... కుర్చీ కాళ్లు నేల మీద రాసుకున్న చప్పుడు. తిరిగి చూస్తే కుర్చీ పక్కకి జరిగి ఉంది. తలుపు మూసుకుంది.

నేల వాలుగా ఉందేమో అనుకున్నాడు. మళ్లీ కీబోర్డు మీద చెయ్యి వేశాడు. కానీ ఊపిరి చాలట్లేదు. ఛాతీ నిండా పీల్చినా, పీల్చినట్టు లేదు. మెడ మీద చెమట... ఆ చలిలో.

తలుపు ఎవరో తట్టారు.

గార్డు అనుకుని, రమ్మని "ఆ జావో భయ్యా!" అని అరిచాడు.

మళ్లీ తట్టారు. గట్టిగా... రెండు చేతులతో బాదుతున్నట్టు.

లేచి నాలుగడుగులు వేశాడు. ఆగిపోయాడు.

ఆ ఇనప తలుపు మీద ఏళ్ల నాటి దుమ్ము ఉంది. ఒక్కో దెబ్బకీ ఆ దుమ్ములో ఒక్కో అరచెయ్యి పడుతోంది. వేళ్లు, మణికట్టు... స్పష్టంగా. అవి పడుతున్నది తలుపుకి అవతల కాదు —

ఇవతల. లోపలి వైపు. అతనికీ తలుపుకీ మధ్యలో.

"సర్? క్యా హువా? ఆవాజ్ కైసీ హై?" ఫోనులో ఇషిత, ఆ చప్పుడేమిటని.

జవాబు చెప్పడానికి గొంతులో గాలి లేదు. ఆ గదికి ఉన్నది అదొక్కటే దారి. ఆ బాదుతున్న చోటికే వెళ్లాలి. కళ్లు మూసుకుని, కార్డు ముందుకు చాచి, పడినట్టే వెళ్లాడు. చెయ్యంతా మంచునీళ్లలో ముంచినట్టయింది. తలుపు తెరుచుకుంది. సందులోంచి ఒళ్లు బయటికి లాక్కుంటుంటే స్వెట్టరు వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. లాగారు. ఉన్ని చిరిగింది...

తలుపు అతని వెనకే మూసుకుంది. లోపల మళ్లీ బాదడం మొదలైంది.

కుంపటి దగ్గరికి వచ్చి పడ్డాకే ఊపిరి అందింది. రామ్‌ఖిలావన్ టీ పోసి ఇచ్చాడు. అడక్కుండానే చెప్పాడు. ఆ గదిలో నిప్పంటుకుంటే ఆర్పడానికి గ్యాస్ సిలిండర్లుండేవట. ఒక రాత్రి నిప్పు లేకుండానే ఆ గ్యాస్ వచ్చి, గదిలో పీల్చే గాలి లేకుండా చేసింది. లోపల ఒక ఆపరేటరు ఉన్నాడు. అదే సమయానికి కార్డు మిషను ఆగిపోయింది. బయట జనం చేరారు గానీ తలుపు రాలేదు. బాదుతూ... బాదుతూ... ఆగిపోయాడట.

"తుమ్హారీ తరఫ్ కా థా," అన్నాడు ముసలాయన, మీ వైపువాడేనని. "కడపా కా. విష్ణువర్ధన్."

మల్లేశం మొబైల్ కిందే ఉండిపోయింది. మళ్లీ దిగడానికి కాళ్లు రాలేదు. గార్డు రానన్నాడు. అయినా పాస్‌వర్డ్ లేనిదే దిగి చేసేదేముంది? గార్డు ఫోను తీసుకుని సాకేత్ ఆఫీసుకి కొట్టాడు. ఎంగేజ్. డాక్టర్లతో మాట్లాడుతోందేమో అనుకున్నాడు. మళ్లీ కొట్టాడు. ఎంగేజ్. కొట్టిన ప్రతిసారీ అంతే. మంచులో ఆటో ఒక్కటీ దొరకలేదు. కళ్ల ముందు పేషెంట్లే మెదులుతున్నారు. పొద్దున ఎవరి ముఖం చూడాలా అని మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు.

తెల్లవారుతుండగా మళ్లీ కొడితే ఈసారి అవతల మోగింది, ఇషిత ఎత్తింది. గొంతు నిండా సంతోషం.

"హో గయా సర్! పూరా డేటా ఆ గయా! సెంటర్లన్నీ చాలూ హో గయే!"

మల్లేశానికి అర్థం కాలేదు. "ఎట్లైంది? పాస్‌వర్డ్ ఎవలు చెప్పిండ్రు?"

"ఆప్ హీ నే తో బతాయా." నవ్వింది. రాత్రంతా మీరు ఫోనులో చెబుతూనే ఉన్నారు కదా సర్, నేను ఇక్కడ కొడుతూనే ఉన్నాను కదా అంది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, చలి వల్లేమో అనుకున్నానంది.

 కింద బల్ల మీద రిసీవరు తీసే ఉంది. తను పెట్టలేదు.

"ఇషితా... ఇంకేం చెప్పిన నేను?"

"కార్డు గురించి." ఆ మాటల్ని ఆ పిల్ల తెలుగులోనే, కూడబలుక్కుంటూ చెప్పింది — "'మే, నా కార్డు పన్జేయడంల్యా' అన్నారు. మీరు చెప్పిన నంబరు మళ్లీ చాలూ చేస్తేనే పాస్‌వర్డ్ చెబుతానన్నారు. చేసేశాను సర్. అన్ని తలుపులకీ. ఓఖ్లా, సాకేత్, సెంటర్లు... అన్నిటికీ. లేకిన్ సర్, ఆ కార్డు మీద మీ పేరు రాలేదు. ఎవరో —"

సిద్దిపేట మనిషి నోట అలాంటి మాట రాదు. ఆడపిల్లని 'మే' అని పిలిచేది కడప వైపు.

"ఇషితా, ఉరుకు! బయటికి ఉరుకు అక్కడ్నుంచి!"

"క్యోం సర్? మీరు వచ్చేశారనుకున్నా. ఇప్పుడే ఎవరో కార్డు పెట్టారు, తలుపు తెరుచుకుంది..." ఆ మాట అంటూనే గొంతు తగ్గిపోయింది. "సర్... తలుపు దగ్గర ఎవరూ లేరు."

ఆ తర్వాత ఆ పిల్ల ఊపిరి ఒక్కటే వినిపించింది. తెంపులు తెంపులుగా... గాలి అందనట్టు.

ఆ ఊపిరి పక్కనే, రిసీవరుకి ఆనుకుని, ఒక మగ గొంతు. బొంగురుగా, మెల్లగా —

"తలుపు ముయ్యాకు మే... ఊపిరాడ్డంల్యా."