అయ్య తాగినట్టు

సముద్రపు ఒడ్డునున్న డొంకూరులో ఆ ఉదయం మామూలుగానే తెల్లవారింది. అసిరమ్మ కోనాం చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, అరటాకు కడిగి భర్త ఫోటో ముందు పరిచింది. సోములు పోయి ఆ రోజుకి ఎనిమిదేళ్ళయింది. తాగి తాగి పోయాడు. ఏటా ఆ రోజున ఆకులో అన్నం, పులుసు వడ్డించి, పక్కన ఓ గ్లాసు సారా పెట్టడం వాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీ. పోయినవాడికి ఇష్టమైనది పెట్టాలి కదా.

ఈసారి కొడుకు సుమన్ కూడా ఇంట్లో ఉన్నాడు. ఇటలీ వాళ్ళ సరుకు ఓడలో వంటపని చేస్తూ మూడేళ్ళకి సెలవు మీద వచ్చాడు. ఎల్లుండి మళ్ళీ ప్రయాణం. మొదటిసారి వెళ్ళేటప్పుడు అతని చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, "మీ అయ్య తాగినట్టు తాగనని ఒట్టెయ్" అంది అసిరమ్మ. అతను వేశాడు.

పూజయ్యాక తల్లీ కొడుకూ, కూతురు బేబి చాప మీద కూర్చున్నారు. సుమన్ సంచిలోంచి ఓ సీసా తీసి, అర గ్లాసు ఎర్రగా పోసుకుని, అన్నం కలుపుకున్నాడు. చాటూ లేదు, బెరుకూ లేదు.

అసిరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏటిరా అది?"

"వైనమ్మా. ద్రాచ్చపళ్ళది."

"నా నెత్తి మీద ఒట్టేసి, నా ముందరే తాగుతన్నావేటిరా?"

"ఒట్టు తప్పలేదమ్మా. అయ్య తాగినట్టు తాగనన్నాను, అలాగ తాగలేదు. ఇటలీ ఊళ్ళలో ముసలమ్మలు కూడా అన్నంతోటి ఓ గ్లాసు తాగుతారు. తూలినోడ్ని సూసి నవ్వుతారు."

"అయితే అమ్మకీ ఓ గ్లాసు పొయ్యి అన్నియ్యా. ఇటలీ ముసల్దవుద్ది," అంది బేబి, గొడవ చల్లార్చాలని.

ఎవరూ నవ్వలేదు.

"అందరూ అలాగే తాగుతారేటి?" అంది అసిరమ్మ.

సుమన్ తటపటాయించాడు. "లేదు. మా ఓడలో సలి దేశపోడు ఒకడు వారమంతా ముట్టడు, రేవులో దిగితే పడిపోయేదాకా తాగుతాడు. గుజరాతీ ఆయన వాసనే సూడడు. ఒక్కో సోట ఒక్కో తీరు."

"మనూరి తీరు నాకు తెలుసు. ఆ ఓడ మానెయ్. లేదంటే నాకు కొడుకు లేడనుకుంటాను."

సుమన్ ముఖం పాలిపోయింది. "మరి అయ్యకెందుకు పోసినావమ్మా? నీ సేత్తోనే పోసినావు కదా."

అసిరమ్మ ఆకు వైపు చూసింది. సోములు ఏనాడూ ఇంట్లో తాగలేదు. పడవల చాటున, ఖాళీ కడుపుతో, ఒక్క గుక్కలో తాగేవాడు. వచ్చి అన్నం ముట్టకుండా పడుకునేవాడు. అన్నం పక్కన ఆయనకి గ్లాసు పెట్టింది ఆయన పోయాకే. ఆమెకి కోపం ఎవరి మీదో తెలియలేదు.

"ఒరే సుమనూ, ఆ రోజుల్లో మీ అయ్యని నానే కూకోబెట్టి, అన్నం పెట్టి, ఓ గ్లాసు పోసుంటే... బతికుండేవోడేటిరా?"

అవునన్నా, కాదన్నా ఆమెకి నొప్పే.

"తెలీదమ్మా. ఇంట్లో ఓ గ్లాసు తాగి, పడవల కాడ ఇంకోటి తాగేవోడేమో."

గ్లాసు పక్కకి జరిపాడు. "నీకు భయమైతే ఇంట్లో ముట్టను. ఓడ మీద మాత్రం ముట్టనని అబద్ధం సెప్పలేను."

అసిరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఫోన్ సేసినప్పుడల్లా నిజం సెప్పు. ఎంత తాగినావో, ఏటి తిన్నావో. సాటుగా మాత్రం తాగకురా."

తాగొద్దన్న నోటితోనే తను అన్న మాట తనకే వింతగా తోచింది. కొడుకు కంచంలో ఇంకో చేపముక్క వేసి, చాటుకి పోకుండా అతని ఎదుటే ఏడ్చింది.