బోర్డింగు చెల్లెలు

“నువ్వు నాకు బావవి కాకపోయింటే ఎప్పుడో సరే అనేదాన్ని” అంది నిస్సీ.

క్రాంతి కుమార్ బైకు పక్కకు తీసి ఆపాడు. “బావనని వద్దనేది నువ్వొక్కదానివే! అక్కచెల్లెండ్లు మన అవ్వలు. మనం శానా దూరం.”

“ఎంత దూరమో చూద్దాం పా. వాళ్లకు ముందు ఇంకెన్ని మేనరికాలు ఉండాయో!”

నిస్సీ కర్నూలు ఆస్పత్రిలో పిల్లల వార్డు నర్సు. దగ్గర రక్తం పెళ్లిళ్లు పసివాళ్లను ఎంత బాధపెడతాయో రోజూ చూస్తుంది. అందుకే చుట్టాల్లో చేసుకోనని మొండిపట్టు పట్టింది. క్రాంతి కనబడితే మాత్రం ఆ పట్టు సడలిపోతోంది. అదే ఆమె భయం.

కోడుమూరులో నిస్సీ అవ్వ విశ్వాసమ్మ వేరుశనగకాయలు వొలుస్తూ కూర్చుంది. నిస్సీ ఫోన్లో వంశవృక్షం తెరిచింది. కిందంతా నిండింది, పైన ఖాళీ. ఈ అవ్వా, ఇప్పుడు లేని క్రాంతి వాళ్లవ్వ సంతోషమ్మా దొరల కాలంలో మిషను వాళ్ల అనాథ పిల్లల బోర్డింగులో పెరిగారు. అంతకుముందు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

“అవ్వా, మీయమ్మ పేరేంది?”

“గురమ్మ. ఆత్మకూరు పక్క. కలరాలో పాయ.”

“సంతోషమ్మవ్వకూ ఆమేగా?”

“దాని తల్లి వేరే గదా! మైదుకూరు నుంచి కరువులో ఎవురో తెచ్చి ఇడ్సిపెట్టినారు. బోర్డింగు దొరసాని ఇద్దరికీ ఒకే ఇంటిపేరు పెట్టి, ఒకే చాప మీద పండబెట్టింది.”

క్రాంతి నోరు తెరిచాడు. “ఇన్నాళ్లూ చెప్పలేదే!”

“ఎవురడిగినార్రా?”

నిస్సీ గుండె ఎగిరి గంతేసింది. రక్తమూ లేదు, అడ్డూ లేదు. ఆ సంతోషంలో నోరు జారింది. “అయితే మీరు అక్కచెల్లెండ్లే కాదు!”

అవ్వ వొలవడం ఆపేసింది. “నాకు జొరమొస్తే దాని గంజి నాకు పోసి అది పస్తు పండుకుండె. నా కాన్పులన్నీ అదే చేసె. నా చెల్లెలు కాదంటావా?”

నిస్సీకి తల కొట్టేసినట్టయింది. తన పెళ్లి కోసం ముసలామె దగ్గర్నుంచి చెల్లెల్ని లాక్కున్నట్టు అనిపించింది. దగ్గరికి జరిగి అవ్వ చెయ్యి పట్టుకుంది.

“తప్పయిందవ్వా. నీ చెల్లెలే.”

“అట్లయితే వీడు నీకు బావేనా?”

“బావే.”

“చేసుకుంటావా?”

క్రాంతి నిస్సీ వైపే చూస్తున్నాడు. నిస్సీకి ఇక దాచుకోబుద్ధి కాలేదు.

“చేసుకుంటా. శానా ఇష్టమవ్వా.”

అవ్వ ఇద్దరి తలల మీదా చేతులు పెట్టింది. కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుంది.

“మీకు పుట్టే బిడ్డలో నా రక్తమూ ఉంటాది, దాని రక్తమూ ఉంటాది. అప్పుడు చెప్పండి, మేం ఒకరికొకరం ఏమీ కామని!”