రెండో బ్రేకు

"బాత్రూం అటు వైపండీ."

ఆమెతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదే. ప్రేమ కథలు ఇంతకన్నా గొప్పగా మొదలవుతాయని నాకూ తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా!

నా తప్పేం లేదు. బయట వాన దంచి కొడుతోంది. మా స్పోర్ట్స్ కార్ల షోరూంలోకి వానాకాలంలో వచ్చేవాళ్ళలో సగం మంది తలదాచుకోవడానికి వస్తారు, మిగతా సగం కారు పక్కన ఫోటో దిగడానికి వస్తారు. ఈ అమ్మాయి చూస్తే నిలువెల్లా తడిసిపోయి, తిరగబడ్డ గొడుగుతో కుస్తీ పడుతూ వచ్చింది. నేను మర్యాదగా దారి చూపించాను, అంతే.

ఆమె గొడుగు సరిచేసుకుని, నా మెడలోని బ్యాడ్జీ కేసి ఒకసారి చూసింది.

"నేను కారు కొనడానికి వచ్చానండీ. బాత్రూం కొనే ఉద్దేశం ఇప్పట్లో లేదు."

వెనకాల మా మేనేజర్ నవ్విన నవ్వు నాకు వినిపించింది. మెడ పట్టేసి పట్టీ కట్టుకున్నాడు కాబట్టి నవ్వితే నొప్పి అనుకుంటా, మధ్యలో "అబ్బా" అని కూడా అన్నాడు.

ఆమె తిన్నగా పసుపు కారు దగ్గరికి వెళ్ళింది. రెండే సీట్లు, నేలను ఆనుకున్నంత ఎత్తు. కంపెనీ ఆ మోడల్ చేయడం మానేసింది. మా దగ్గర మిగిలింది ఆ ఒక్కటే, అందరూ చూడ్డానికని హాల్ మధ్యలో పెట్టిన బండి. ఇక నేను నా విద్య మొదలుపెట్టాను. నోరుంటే ఊరు ఏలొచ్చు అన్నట్టు, నేను నోటితోనే ఉద్యోగం సంపాదించినవాణ్ణి. ఇంజిన్ గురించి, వేగం గురించి, మలుపుల్లో అది రోడ్డును పట్టుకునే తీరు గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆమె అంతా విని, కిందకి వంగి టైరు చూసి, డోరు మీద వేలు పెట్టింది.

"ఈ గీత ఏంటి?"

"అది డిజైనండీ."

"ఒక్క వైపే ఉంటుందా డిజైను?"

నేను నోరు మూసుకున్నాను. ఆమె మూయలేదు. ఇది కొత్త బండే కానీ ఊరంతా కూర్చుని లేచిన సీటు అంది. పసుపు రంగు ఎవరూ కొనకే ఇన్నాళ్ళు మిగిలిందంది. చివరికి ఆవిరి పట్టిన షోరూం అద్దం మీద వేలితో ఒక అంకె రాసింది. అది చూసి నేను గుండె పట్టుకున్నాను. దాని కింద నా అంకె రాశాను. అది చూసి ఆమె గొడుగు పట్టుకుంది.

"ఆగండాగండి! ఇదిగో, ఇదే ఫైనల్ రేట్" అని కాస్త తగ్గించి రాశాను.

ఆమె కాస్త పెంచింది. నేను ఇంకాస్త తగ్గించి "ఇది నిజంగా ఫైనల్ రేట్" అన్నాను. అద్దం నిండిపోయింది కానీ బేరం తెగలేదు.

"ఇన్ని ఫైనళ్ళు నేనెక్కడా చూడలేదు. ఇక నుంచి మీ పేరు ఫైనల్ రేట్ గారు" అంది. అది అన్నప్పుడు మొదటిసారి నవ్వింది. నేను బేరం సంగతి మర్చిపోయి అద్దం తుడవడం మొదలుపెట్టాను, ఎందుకో మరి.

"ఒకసారి నడిపి చూడొచ్చా?" అంది ఆమె.

వాన తెరిపిచ్చింది. ఆమె స్టీరింగ్ పట్టుకుంటే కారుకి ప్రాణం లేచొచ్చింది. నేను ఎంతోమందితో టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళాను, అందరూ కారుని భయపెడతారు, లేదా కారుని చూసి భయపడతారు. ఈమె మాత్రం పాత స్నేహితురాలితో కబుర్లు చెప్పుకుంటున్నట్టు నడిపింది. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి వేగం పెంచి, చిన్నపిల్లలా "హాయ్!" అని అరిచింది. ఆ అరుపు నాకు చాలా నచ్చింది.

తర్వాత కారు పక్కకి ఆపి దిగింది.

"ఇప్పుడు మీరు నడపండి. రెండు సీట్ల కారు కొంటూ రెండో సీటు ఎలా ఉంటుందో చూసుకోవద్దూ?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"రోడ్డు తడిగా ఉందండీ."

"ఇప్పటిదాకా నేను నడిపింది ఈ రోడ్డు మీదే."

"కళ్ళద్దాలు తెచ్చుకోలేదు."

"మీకు కళ్ళద్దాలు ఉన్నాయా?"

"కొనుక్కుందామనుకుంటున్నాను."

ఆమె కాసేపు నా ముఖం చూసింది. నుదుటి మీద చెమట చూసింది. తర్వాత చాలా మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగింది.

"మీకు డ్రైవింగ్ రాదు కదూ?"

అడ్డంగా దొరికిపోయాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదే నేను. స్పోర్ట్స్ కార్లు అమ్ముతాను, కారు నడపడం రాదు. టెస్ట్ డ్రైవ్‌లో కస్టమరే నడుపుతాడు, నేను పక్కన కూర్చుని మాట్లాడతాను. కార్లు అటూ ఇటూ జరపడానికి షోరూం డ్రైవరున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

"మా అక్క పెళ్ళయిన కొత్తలో మా బావ నేర్పబోయాడండీ" అన్నాను. "ఆయన అరిచిన అరుపుకి బ్రేకనుకుని ఇంకోటి తొక్కాను. వాళ్ళింటి గేటు ఇప్పటికీ సగమే మూసుకుంటుంది. మీకెలా తెలిసింది?"

"మా నాన్నది డ్రైవింగ్ స్కూలు. అందులో నేర్పేది నేనే. స్టీరింగ్ చూడగానే ఇలా చెమటలు పట్టేవాళ్ళతోనే నా బతుకంతా."

"దయచేసి మా మేనేజర్‌కి చెప్పకండి. నా కమిషన్ వదులుకుంటాను. అప్పుడు నా అంకె మీ అంకెకి దగ్గరవుతుంది."

ఆమె ముఖం చిన్నబోయింది. "భయపెట్టి తగ్గించుకుంటే అది బేరం కాదండీ, దోపిడీ. నాకు కారు కావాలి, మీ భయం కాదు." కారుకి ఆనుకుని నిలబడింది. "ఒక పని చేద్దాం. నేను మీకు నేర్పుతాను. మీరు నా తరఫున మీ మేనేజర్‌తో బేరమాడండి. ఎవరి విద్య వాళ్ళది."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటే ఏంటో ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున్నుంచే పాఠాలు మొదలయ్యాయి. స్కూలు కారు నెత్తిమీద పెద్ద బోర్డు, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ కాలి కింద ఇంకో బ్రేకు.

"భయమేస్తే నా కాలిని గుర్తు తెచ్చుకోండి" అనేది. "అది ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది. నేనున్నా, పోనివ్వండి."

బావలా అరవలేదు. నేను చెత్తడబ్బా మీదకి తీసుకెళ్ళినా, "దానికి మీరంటే ఇష్టం లేదు, పక్కనుంచి వెళ్దాం" అనేది.

"మీకు ఆ కారంటే అంత పిచ్చేంటి?" అని ఒకరోజు అడిగాను.

"పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రెండో గేర్లో తిరుగుతాను, అదీ పక్క సీట్లో. ఇంకొకళ్ళ భయం ఎంత వేగంతో వెళ్తే నేనూ అంతే వేగం. ఒక్కసారైనా నా రోడ్డు మీద, నా వేగంతో వెళ్ళాలని జీతం దాచుకున్నాను. కొత్త మోడల్ ధర నా వల్ల కాదు. వస్తే ఆ పసుపుదే రావాలి."

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా?"

"ఆయనకి వేగం అంటే పడదు. 'రెండు సీట్ల కారు కొనుక్కుని ఎవర్ని ఎక్కించుకుంటావే?' అని దెప్పుతూ ఉంటారు."

ఆ రోజునుంచి నేను మేనేజర్ ప్రాణం తీశాను. గీత చూపించాను, సీటు చూపించాను, పసుపు రంగుని తిట్టాను. "ఒరేయ్, నువ్వు నా దగ్గర జీతం తీసుకుంటున్నావా, ఆ అమ్మాయి దగ్గరా?" అని ఆయన తల పట్టుకుని, చివరికి ఆమె మొదట అద్దం మీద రాసిన అంకెకి కాస్త అటూ ఇటూగా ఒప్పేసుకున్నాడు. నేను ఎగురుకుంటూ వెళ్ళి ఆమెకి చెప్పాను.

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె చేతిలోని తాళం చెవి తిప్పుతూ నిలబడింది.

"మరి... కాళ్ళ కింద మ్యాట్లు?"

సరే, మ్యాట్లు ఒప్పించాను. అడ్వాన్స్ కట్టమంటే, కారు మీద కప్పే కవర్ తేలాలంది. కవర్ తేలాక కీచైన్. కీచైన్ తర్వాత గొడుగు. వచ్చిన ప్రతిసారీ ఒక కప్పు టీ తాగి, నాతో పోట్లాడి వెళ్ళేది. ఈవిడకి తృప్తి అనేదే లేదా అని నేను మేనేజర్ దగ్గర వాపోయాను. ఆయన మెడ తిప్పలేక మనిషంతా నా వైపు తిరిగి, "నీ అంత తెలివైనవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదురా" అన్నాడు. పొగిడాడనుకున్నాను.

నాకు లైసెన్స్ వచ్చింది. అది చూపించడానికి వెళితే ఆమె కళ్ళు మెరిశాయి, వెంటనే దిగులుపడ్డాయి.

"అయితే కోర్సు అయిపోయిందన్నమాట."

"అయిపోయిందన్నమాట" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "ఇంతకీ ఆ రెండో సీటు ఎవరికండీ?"

"మనిషిని చూసుకున్నాను." స్కూలు కారు అద్దం సర్దుకుంటూ అంది. "ఆయనకే ఇంకా తెలియదు."

ఎవడో అదృష్టవంతుడు! ఇన్నాళ్ళు వాడి మ్యాట్ల కోసం, వాడి గొడుగు కోసమా నేను మేనేజర్ చేత తిట్లు తిన్నది? మింగలేక కక్కలేక "మంచిదండీ" అని వచ్చేశాను. మూడు రోజులు ఫోన్ చెయ్యలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మళ్ళీ వాన. మేనేజర్ నన్ను పక్కకి పిలిచాడు.

"మన ఓనర్ గారి స్నేహితుడి కొడుకు పసుపు కారు కోసం వస్తున్నాడు. పూర్తి ధర ఇస్తాడట. గంటలో ఇక్కడుంటాడు."

"అది ఆమె కారు సార్!"

"అడ్వాన్స్ కట్టిందా? మ్యాట్లు, కవర్లు, గొడుగులు అంటూ కూర్చుంది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా?"

ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. పాఠం చెప్పేటప్పుడు ఆమె ఫోన్ ఆపేస్తుంది. రెండో గేర్లో తిరిగి తిరిగి ఆమె దాచుకున్న జీతమంతా, ఖాళీ రోడ్డు మీద "హాయ్!" అన్న ఆ అరుపు, అన్నీ గుర్తొచ్చాయి. రెండో సీట్లో ఎవడు కూర్చుంటే నాకేం? మొదటి సీటు ఆమెదే.

మేనేజర్ పైకప్పు కేసి చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "కారు హాల్లో ఉంటే నేను అమ్మాల్సిందే. టెస్ట్ డ్రైవ్‌లో ఉంటే ఎవరికీ చూపించలేను. కస్టమర్ ఇంటి దగ్గర టెస్ట్ డ్రైవ్ కూడా మన రూల్లో ఉంది. డ్రైవరు సెలవు. నా మెడ తిరగదు."

"సార్... నాకు..."

"నీకు డ్రైవింగ్ రాదని నువ్వు చేరిన రోజే తెలుసురా. ఇప్పుడు వచ్చిందనీ తెలుసు. ఇదివరకు కారెక్కితే కళ్ళు మూసుకునేవాడివి. ఈ మధ్య అద్దం సర్దుతున్నావు." కాగితాలు, తాళం చెవి నా చేతిలో పెట్టాడు. "సంతకం, అడ్వాన్స్ తీసుకుని రా. పో."

స్టార్ట్ చేశాను. వైపర్లు వేశాను. పక్కకి చూస్తే సీటు ఖాళీ. అక్కడ బ్రేకు లేదు, దాని మీద కాలు లేదు. లైసెన్స్ పరీక్ష రోజు కూడా పక్క సీట్లో ఆమే. ఆమె కాలు లేకుండా నేను ఒక్కసారి కూడా కారు నడపలేదు.

"నేనున్నా, పోనివ్వండి" అని నాకు నేనే పైకి చెప్పుకున్నాను.

గాలికన్నా వేగంగా వెళ్ళాల్సిన ఆ కారుని నేను నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. వెనకాల హారన్లు. బడి వ్యాన్లో పిల్లలు నన్ను దాటిపోతూ టాటా చెప్పారు. సైకిల్ మీద పోయే ఒక పెద్దాయన నన్ను దాటి, వెనక్కి తిరిగి, "బండి పాడైందా బాబూ?" అని జాలిగా అడిగాడు. ప్రతి మలుపులో సిగ్నల్ వేశాను. ప్రతి చెత్తడబ్బాకీ దారిచ్చాను.

డ్రైవింగ్ స్కూలు ఆవరణలో ఆమె ఒకావిడకి రివర్స్ నేర్పుతోంది. వసారాలో కుర్చీ వేసుకుని వాళ్ళ నాన్న కూర్చున్నాడు. నేను ప్రాక్టీసు కోసం పెట్టిన రెండు డబ్బాల మధ్య ఒక్కటీ తగలకుండా కారు ఆపాను. ఆమె వానలోనే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మీరొక్కరే నడుపుకుంటూ వచ్చారా?"

"ముందు సంతకం పెట్టండి. ఎవరో ఈ కారు ఎగరేసుకుపోతున్నారు. మ్యాట్లు, కవర్, కీచైన్, గొడుగు అన్నీ ఇస్తాం. ఇంకేం అడక్కండి, మీకు దణ్ణం పెడతాను."

ఆమె కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసింది. అడ్వాన్స్ అక్కడికక్కడే కట్టేసింది. నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. వానలో తేడా తెలియదనుకుంది.

"ధర నాకు మొదట్లోనే నచ్చింది" అంది.

"మరి మ్యాట్లు?"

"మ్యాట్లు అడిగితే ఇంకో వారం మీరు కనిపిస్తారు కదా."

నా బుర్ర మెల్లగా, రెండో గేర్లో కదిలింది. కవర్. కీచైన్. గొడుగు. మేనేజర్ పొగడ్త. "ఆయనకే ఇంకా తెలియదు."

"ఓరి నాయనో!" అన్నాను.

"ఇప్పటికి తెలిసిందన్నమాట."

"నాకూ ఇష్టమే!" అని అరిచాను. "బాత్రూం చూపించిన రోజు నుంచీ ఇష్టమే! మీ కాలు పక్కన లేకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చానో ఆ దేవుడికే తెలియాలి."

ఆమె నా వైపు వింతగా చూసింది. "నా కాలా? మీరు నడిపిన ఆఖరి రెండు వారాలు నా కాలు బ్రేకు మీద లేదండీ. చెప్పులు విప్పేసి, సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాను. నడిపింది మీరే."

నోటితో బతికేవాణ్ణి, వానలో నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఈలోగా వాళ్ళ నాన్న గొడుగు వేసుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, డబ్బాలు చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"నువ్వు వీధి మలుపు తిరిగినప్పట్నుంచీ చూస్తున్నాను" అన్నాడు. "సైకిల్‌కి దారిచ్చావు. ఖాళీ వీధిలో కూడా సిగ్నల్ వేశావు. ఇలాంటి కారుని అంత నెమ్మదిగా నడిపేవాణ్ణి నా జన్మలో చూడలేదు. నీలాంటివాడు పక్కనుంటే మా అమ్మాయి వేగం గురించి నాకు దిగులుండదు. పెద్దవాళ్ళని తీసుకుని ఒకసారి ఇంటికి రా బాబూ."

"నాన్నా, మీరుండండి" అంది ఆమె. "ఈ బేరం నేను ఆడుకుంటాను."

డోరు తీసి స్టీరింగ్ ముందు కూర్చుంది. రెండో సీటు మీద చెయ్యి వేసి నా వైపు చూసింది.

"ఈ సీటు. జీవితాంతం. ఒక్క పైసా తగ్గేది లేదు. ఫైనల్ రేట్."

అమ్మకాల్లో ఉన్నవాడు మొదటి మాటకే ఒప్పుకోకూడదు. అది మా వృత్తిలో మొదటి పాఠం.

నేను కారెక్కి కూర్చున్నాను.