ముందు మీరే సార్

మా ఆయన బళ్ళో వ్యాయామం మాస్టారు. బతుకుతెరువే ఈల. పిల్లలు ఈల మాస్టారనే పిలుస్తారు. నేను బట్టలు కుడతాను, ఇంటి కిందే నా దుకాణం. ఈయన ఎప్పుడైనా నన్ను కూడా ఈల ఊది పిలుస్తారేమోనని పెళ్ళైన కొత్తలో బెంగ పెట్టుకునేదాన్ని.

మా హాల్లో ఒక పాత ఫోటో ఉంది. మా ఆయన ముత్తాతది. సైన్యంలో ఆఫీసరుగా చేశారు. ఛాతీ మీద పతకం, మెడలో ఈల. పక్కన ఆయన భార్య. ఆవిడ చెయ్యి ఆయన నడుం వెనక్కి వెళ్ళి కోటు అంచుని పిడికిట్లో బిగించి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు.

"పారిపోతారనా అత్తయ్యా, ఈవిడ ఇలా పట్టుకుంది?" అన్నాను.

మా అత్తగారూ నవ్వింది. "నిద్రలో కూడా వదిలేది కాదట. ఆవిడ పోయిన వారానికే ఈయన నిచ్చెన మీంచి పడి చనిపోయారు. అంత యుద్ధంలో చిన్న గీత కూడా పడనాయన, చివరికి ఇంట్లో నిచ్చెన మీంచి! అసలెందుకు ఎక్కారో కూడా ఎవరికీ తెలీదు."

ముత్తాత యుద్ధం చేసిన చోటు చూడాలని మా ఆయనకి ఎప్పటినుంచో కోరిక. మొన్న సెలవుల్లో బయల్దేరాం. ముత్తాత ఈల ఇనప్పెట్టెలోంచి తీసి, చింతపండుతో తోమి మెరిపించి, జేబులో వేసుకున్నారు.

తీరా వెళ్తే అక్కడ ఏముంది? గడ్డి. గడ్డిలో అక్కడక్కడా గుంతలు. ఒక కందకాన్ని మాత్రం అప్పుడెలా ఉండేదో అలాగే ఉంచారు. మనిషికంటే ఎత్తున మట్టిగోడలు, వాటికి చెక్కల ఆసరా, కాళ్ళ కింద పలకలు, చివర్న పైకి ఆనించిన ఒక నిచ్చెన. తడిమట్టి వాసన, నానిన చెక్క వాసన. దిగేచోట ఒక బోర్డు పెట్టారు. "ఈల మోగగానే ఈ కందకంలోని సైనికులందరూ శత్రువు తూటాలకి ఎదురుగా పైకెక్కారు. ఎక్కినవారిలో ఒక్కరూ తిరిగి రాలేదు."

"ఏవండీ, ఒక్కరూ రాలేదంటున్నారు. మరి మీ ముత్తాత?"

"అదృష్టం."

"ఈల ఊదిందెవరు?"

"ఇంకెవరు, ఆయనే. ఊది, అందరికంటే ముందు ఎక్కారు. పతకం ఊరికే ఇస్తారా?"

అందరికంటే ముందు ఎక్కినాయన ఒక్కరే ఎలా మిగిలారండీ అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే పండగలా ఉంది. పోనీలే అని మింగేశాను.

సాయంత్రం పొగమంచు దిగింది. మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. కందకం చివర నిచ్చెన దగ్గర నిలబడి మా ఆయన జేబులోంచి ఈల తీశారు.

"వద్దండీ."

"ఒక్కసారే. పాపం, పోయినవాళ్ళకి నివాళి."

ఊదారు.

ఆ చప్పుడు బయటికి పోలేదు. మూత పెట్టినట్టు కందకంలోనే ఉండిపోయింది. అప్పటిదాకా ఎక్కడో అరుస్తున్న పిట్టలు ఆగిపోయాయి. తర్వాత... మా వెనక పలకలు కిర్రుమన్నాయి. బూట్లు. ఒక జత కాదు. మెల్లగా వచ్చి, వరసగా, మా వెనకే ఆగాయి. తడిసిన ఉన్ని వాసన వేసింది. ఊపిరి తీస్తున్న చప్పుడు... చాలామందిది.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

"ముందు మీరే సార్."

గుసగుస. ఎంతో మర్యాదగా ఉంది. మా ఆయన నవ్వబోయారు. "ఎవరండీ?"

"ఆ రోజూ మీరే ఊదారు సార్. మేం ఎక్కాం."

ఇంకో పక్కనుంచి ఇంకో గొంతు. "మీరు ఎక్కలేదు."

మా ఆయన చేతులు నిచ్చెన మీదికి వెళ్ళాయి. ఒక మెట్టు ఎక్కారు.

"ఏవండీ, దిగండి!"

"కాళ్ళు... నా మాట వినడం లేదే."

ఇంకో మెట్టు. పైన మంచులో, దూరంగా, టప్... టప్పుమని ఏవో పేలుతున్నాయి. ఇంకొక్క మెట్టు ఎక్కితే తల బయట పడుతుంది. నేను ఎగిరి ఆయన చొక్కా వెనక అంచు పట్టుకున్నాను. నేను కుట్టిన చొక్కా, కుట్టు తెగదు. బలమంతా పెట్టి లాగాను.

నా మణికట్టుకి ఏదో ఒరుసుకుంది. ఉన్ని గుడ్డ. నీళ్ళలో నానిన గరుకు ఉన్ని. పొద్దస్తమానం గుడ్డలతోనే బతికేదాన్ని, నాకు తెలీదా?

"వదిలెయ్యండమ్మా." ఈసారి సరిగ్గా నా చెవి దగ్గర. "మీతో మాకు పని లేదు."

"చస్తే వదలను!"

తర్వాత అదే గొంతు, ఏ తొందరా లేకుండా అడిగింది.

"ఎన్నాళ్ళు?"

మా ఆయన నా మీద పడ్డారు. ఎలా పరిగెత్తామో, గేటు ఎలా దాటామో తెలీదు. ఈల అక్కడే పోయింది.

కళ్ళు తిరిగాయంతే అంటారు ఈయన. కానీ ఇప్పుడు ఏ మెట్ల దగ్గరికొచ్చినా ఆగిపోతారు. బళ్ళో ఈల ముట్టుకోవడం లేదు. అటక మీది సామాను దింపే నిచ్చెనని నేను ముక్కలు చేయించి బయట పారేయించాను.

ఇంటికొచ్చి ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ తల్లిని చూసి నవ్వినందుకు సిగ్గేసింది. ఆవిడకి అంతా తెలుసు. బతికినన్నాళ్ళూ ఆ పిడికిలి విప్పలేదు. ఆవిడ పోయి, ఆ పట్టు వదిలాకే వాళ్ళు ఆయన్ని నిచ్చెనెక్కించారు. ఆ పెద్దమనిషి మీద నాకు ఒళ్ళు మండుతోంది. అంతమందినీ చావుకి తోలి, కింద కూర్చుని, పతకం పెట్టుకుని ఫోటో దిగాడు. వాళ్ళ కోపం తప్పని నేను అనలేను. నా భయమంతా అక్కడే. తప్పయితే దేవుడికి మొరపెట్టుకునేదాన్ని. కానీ ఏ పాపం ఎరగని నా మొగుడు ఆ బాకీ ఎందుకు కట్టాలి?

అందుకే రాత్రిళ్ళు ఆయన చొక్కా అంచు పిడికిట్లో బిగించి పడుకుంటున్నాను. పగలు కుట్టు పనితో వేళ్ళు లాగేస్తుంటాయి. అయినా వదలను.

నిన్న తెల్లారి లేచేసరికి పిడికిలి అలాగే ఉంది. చిటికెన వేలు మాత్రం తెరుచుకుని ఉంది. నిద్రలో పట్టు జారిందనుకున్నాను.

ఇవాళ దాని పక్క వేలు కూడా. రెంటి మీదా తడిమట్టి. మిగతా వేళ్ళు కదలకుండా, నాకు నిద్రాభంగం కాకుండా, ఎవరో ఎంతో జాగ్రత్తగా విప్పినట్టున్నాయి.