రొట్టెలో పెద్ద సగం

సెంకా కిందికి దిగేసరికి తల్లి పండుగ రొట్టె మీద పిండితో చేసిన ద్రాక్షగుత్తులు అద్దుతోంది. పుల్ల క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం ముద్దలు నిన్నటినుంచీ పొయ్యి మీద సన్నగా ఉడుకుతూనే ఉన్నాయి. ఆవిరికి కిటికీ అద్దాలు చెమర్చాయి. పైనుంచి వేలాడే దీపం తగలకుండా సెంకా అలవాటుగా తల వంచింది. ఆ ఇంట్లో ఆమె ఎత్తుకు సరిపోయిన గది ఒక్కటీ లేదు.

"ఈ పండక్కి నువ్వు ఇంట్లో ఉండి ఎన్నేళ్ళయిందే!" అంది ల్యూబిత్సా తలెత్తకుండానే. "ఏదైనా మన మంచికే జరుగుతుంది."

"జట్టులోంచి తీసేయడం కూడానా అమ్మా?"

"నేనామాట అన్నానా? ఇంటికొచ్చావు, అది మంచిదే అన్నాను. కాఫీ తాగు."

సెర్బుల్లో ఇంటికో పునీతుడు ఇలవేల్పు; ఈ ఇంటికి దిమిత్రి. ఆయన పండుగ ఏటా నవంబరు మొదట్లో వస్తుంది, సరిగ్గా దేశాల బాస్కెట్‌బాల్ జట్లు తలపడే రోజుల్లోనే. అందుకే ఇన్నేళ్ళూ అమెరికాలో, మిల్వాకీలోని ఈ ఇంట్లో కొవ్వొత్తి వెలిగించే వేళకు సెంకా బెల్‌గ్రేడ్‌లోనో, మరెక్కడో, సెర్బియా చొక్కా తొడుక్కుని నిలబడి ఉండేది. అతిథులు టీవీ చుట్టూ చేరి ఆమెను చూస్తూ భోంచేసేవాళ్ళు. ఈసారి మనిషే ఇంట్లో ఉంది. చూడడానికి టీవీలో ఏమీ లేదు.

నడవాలోంచి తండ్రి గొంతు వినిపించింది. ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అవునోయ్, మోకాలే. ఆడొద్దని డాక్టర్లు చెప్పేశారు. కోచ్ బతిమాలాడట, ఏం చేస్తుంది పాపం... సరే, వచ్చాక మాట్లాడదాం."

సెంకా కప్పు కింద పెట్టింది. రాదోవాన్ వంటగదిలోకి వచ్చాడు. ఒక చేతిలో ఎర్ర మిరపకాయల పచ్చడి సీసా ఉంది. మూత బిగుసుకుపోయిందంటూ దాన్ని భార్య ముందు పెట్టాడు. ఆమె పిండి చేతులు తుడుచుకుని, గుడ్డ వేసి ఒక్క తిప్పు తిప్పి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది.

"ఎవరి మోకాలు నాన్నా?"

"నీదే. ఎవరిదైతే ఏం? జనం అడుగుతారు, ఏదో ఒకటి చెప్పాలి కదా."

"నా మోకాళ్ళు రెండూ లక్షణంగా ఉన్నాయి. పోయింది అక్కది. దాని మోకాలు తెచ్చి నాకు తగిలించావు."

అప్పుడే పెరటి తలుపు తోసుకుని దానిత్సా లోపలికొచ్చింది. చేతుల్లో సలాడ్ గిన్నె, నడకలో ఎప్పటి కుంటు. స్కూల్లో పిల్లలకు వ్యాయామం నేర్పుతుంది ఆమె.

"నా మోకాలు ఎవరిక్కావాలి? ఊరికే ఇచ్చేస్తా, పట్టుకుపోండి. వాన పడబోతుంటే ముందే చెబుతుంది కూడా."

ఎవరూ నవ్వలేదు. దానిత్సా గిన్నె బల్ల మీద పెట్టి ముగ్గురి ముఖాలూ చూసింది.

"ఓహో. పండుగ మొదలైపోయిందన్నమాట."

"నిజం చెబితే ఏం పోతుంది నాన్నా?" సెంకా గొంతు పెంచలేదు. మైదానంలో కూడా కోపం వస్తే ఆమె గొంతు తగ్గిపోయేది. "నాకన్నా బాగా ఆడే అమ్మాయి దొరికింది, ఉన్నది ఒక్కటే చోటు, అది ఆమెకిచ్చారు. ఇంతే కదా!"

"ఒక్క చోటేమిటి, మన దేశంలో మన పిల్లకు ఒక్క చోటేమిటి అని అడుగుతారు. ఏం చెప్పను?"

"ఎందుకో నీకు తెలుసుగా. అదే చెప్పు."

అతనికి తెలుసు. ఆ వంటగదిలో అందరికీ తెలుసు. ఏ దేశపు జట్టులోనైనా బయటినుంచి వచ్చిన క్రీడాకారిణి ఒక్కరికి మించి ఉండకూడదు. పదహారేళ్ళు నిండకముందే ఆ దేశం పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు ఇంటివాళ్ళ కింద లెక్క. తర్వాత తీసుకున్నవాళ్ళు, తాతముత్తాతల సమాధులు అక్కడే ఉన్నా సరే, బయటివాళ్ళే. సెంకా తన పాస్‌పోర్టు కాలేజీ అయ్యాక తనే ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకుంది. దానివల్లే యూరప్ జట్లు ఆమెకు పని ఇచ్చాయి. అమెరికావాళ్ళను కొద్దిమందినే తీసుకోగలిగిన చోట ఆమె యూరప్ మనిషిగా చెల్లింది. చలికాలమంతా టర్కీలోనో హంగరీలోనో ఆడి, వేసవికి ఇక్కడి లీగులో ఏదో ఒక బెంచీ మీదికి వచ్చి కూర్చునేది. ఇస్తాంబుల్‌లో ఆమె అమెరికన్. ఇక్కడ సెర్బువాళ్ళమ్మాయి. బెల్‌గ్రేడ్‌లో జాతీయగీతం వేళ పక్కనున్నవాళ్ళు చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న మాటల్ని ఆమె హోటల్ గదిలో నేర్చుకున్న శ్రద్ధతో పలికేది. ఆ శ్రద్ధే ఆమెను పట్టించేది. ఇప్పుడు టెక్సస్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. సెర్బియన్ భాష ఒక్క ముక్క రాదు. కానీ నియమం దృష్టిలో ఆ అమ్మాయీ సెంకా ఒకటే.

"అక్కకు పద్నాలుగేళ్ళప్పుడు షికాగో తీసుకెళ్ళావు," అంది సెంకా. "మన కాన్సులేట్‌కి, పాస్‌పోర్టు కోసం. కారులో వెనక సీటు ఖాళీగానే ఉంది. నేను వాకిట్లో నిలబడి చెయ్యి ఊపాను. మీరిద్దరూ కేకు తినడానికి వెళ్తున్నారనుకున్నాను."

"కేకూ తిన్నాం," అంది దానిత్సా మెల్లగా. "గసగసాలది. బాగాలేదు."

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది తల్లి. "పండుగ పూట..."

"అడగనీ," అన్నాడు రాదోవాన్. పచ్చడి సీసాను బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "ఎందుకంటే నీలో నాకేమీ కనబడలేదు. అంతే. దాని చేతిలో బంతి పెడితే ఫౌండ్రీలో పనిచేసే నా స్నేహితులు కూడా పని ఆపి చూసేవాళ్ళు. నీ చేతిలో పెడితే పక్కింటి కిటికీ పగిలేది. మనవాళ్ళ జట్టుకు ఆడేది దానిత్సా అనుకున్నాను. నువ్వు ఆడతావని ఎవడు కలగన్నాడు?"

ఆ మాట కొత్తది కాదు. సెంకా దాన్ని పన్నెండేళ్ళ వయసునుంచీ శరీరంలో మోస్తూనే ఉంది. అప్పట్లో తండ్రి ఒక ఆట ఆడించేవాడు. బంతిని రెండు చేతులతో పట్టుకుని, లాక్కోండి చూద్దాం అనేవాడు. కరిగిన ఇనుము దగ్గర గట్టిపడ్డ చేతులవి. దానిత్సా ఎలాగో మెలితిప్పి లాక్కునేది. సెంకా వేలాడి, కాళ్ళు తన్ని, ఏడ్చి, ఒక్కసారి కూడా లాక్కోలేకపోయింది. చిన్నపిల్ల కదా అని అతను ఏనాడూ పట్టు వదల్లేదు. ఆ తర్వాత ఎన్ని దేశాల్లో ఎంతమంది చేతుల్లోంచి బంతి లాక్కుందో! ఎదుటిమనిషి వేళ్ళు ఎప్పుడు అలిసిపోతాయో, ఆ మనిషి మనసులో ఎప్పుడు ఓడిపోతుందో ఆమె అరచేతులకు ముందే తెలిసిపోయేది. వాటన్నిటి వెనకా ఉన్నవి ఆ రెండు చేతులే. ఇది ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల బాధేమీ తగ్గలేదు.

"నా పాస్‌పోర్టు డ్రాయరులో ఉంది," అంది దానిత్సా. నవ్వు పోయింది ఆమె ముఖంలోంచి. "దాంతో నాయనమ్మ అంత్యక్రియలకు ఒకసారి వెళ్ళాను. అంతే. నిన్ను చూడలేదని ఏడుస్తున్నావు సెంకా. నన్ను చూశాడు, మోకాలు పోయేదాకా. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చిన రోజు నుంచీ, నేను ఆ మూల కుర్చీలో కూర్చుని ఉంటే, నాన్న ఆ గదిలోకే రావడం మానేశాడు. ఏది నయమంటావు?"

తల్లి రొట్టెను పొయ్యిలో పెట్టి, తలుపు మూసి, వెనక్కి తిరక్కుండా అక్కడే నిలబడిపోయింది.

ఆ పండక్కి ఎవరినీ పిలవరు. ఒకసారి వచ్చినవాళ్ళు ఏటా పిలవకుండానే వస్తారు. రావద్దనడానికి వీల్లేదు. మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. అందరికంటే ముందు మిలోరాద్ వచ్చాడు. జ్ఞానస్నానం వేళ ఇద్దరమ్మాయిలకూ జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు, ఫౌండ్రీలో రాదోవాన్ పక్కనే పనిచేసినవాడు.

"ఏదమ్మా ఆ మోకాలు? చూపించు. కోచ్ ఏడ్చాడటగా, మీ నాన్న చెప్పాడు."

"బతిమాలాడన్నాను. ఏడ్చాడనలేదు," అన్నాడు రాదోవాన్.

"సాయంత్రానికి ఏడుస్తాడులే, నీ నోట్లో పడ్డాక."

అందరూ నవ్వారు. సెంకా మాత్రం తండ్రి వైపు చూసింది. ఒక్క మాట చాలు. నా మోకాలు బాగానే ఉంది బాబాయ్ అంటే చాలు. అతను ఆమె నోటినే చూస్తున్నాడు. అతని కళ్ళలోని భయాన్ని ఆమె గుర్తుపట్టింది. ఆట చివర్లో, బంతి తన చేతికి రాకూడదని లోపల మొక్కుకునే ఆటగాళ్ళ కళ్ళలో ఉండే భయం అది. ఆమె మోకాలి సంగతి వదిలేసి, మిలోరాద్ కోటు అందుకుని కొక్కేనికి తగిలించింది.

ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. ప్రార్థన అయింది. రాదోవాన్ రొట్టె మీద శిలువలా గాటు పెట్టి, అందులో ద్రాక్షసారా పోశాడు. రొట్టెను తిప్పి విరవడానికి ఎదురుగా ఇంకో మనిషి కావాలి. కొడుకున్న ఇంట్లో కొడుకు ఉంటాడు. ఈ ఇంట్లో ఏటా మిలోరాదే. అతను చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"నువ్వాగు," అన్నాడు రాదోవాన్.

రాదోవాన్ అతిథుల వైపు తిరిగాడు.

"మోకాలూ లేదు, గీకాలూ లేదు. దీని చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చారు. చిన్నప్పుడే పాస్‌పోర్టు తీసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు."

"మరి తీసుకోలేదేం?" అడిగాడు మిలోరాద్ అమాయకంగా.

"నేను తీసుకెళ్ళలేదు. పెద్దదాన్ని తీసుకెళ్ళాను, దీన్ని వాకిట్లో వదిలేశాను." ఆగాడు. "పెద్దదాన్నీ తర్వాత వదిలేశాను. చాలా? సెంకా, రా. పట్టుకో."

దానిత్సా తల తిప్పేసుకుంది. సెంకా బల్ల దాటి వెళ్ళి రొట్టె కింద చేతులు పెట్టింది. ఇద్దరూ దాన్ని తిప్పారు. ఇక విరవాలి. ఎవరికి పెద్ద సగం వస్తే ఆ ఏడు అదృష్టం వాళ్ళది. పెద్ద సగం కోసం రాదోవాన్ ఏటా మిలోరాద్‌తో పళ్ళు బిగించి పోట్లాడేవాడు. పండుగ మొత్తంలో పిల్లలు ఎదురుచూసే ఘట్టం అదే.

సెంకా లాగింది. రొట్టె వెంటనే వచ్చేసింది. దాదాపు మొత్తం ఆమె వైపే. అతని చేతిలో అంచు ముక్క మిగిలింది. అందరూ కేకలు వేశారు. "ఇచ్చేశాడు! ముసలాడు కూతురికి ఇచ్చేశాడు!" అని మిలోరాద్ బల్ల చరిచాడు. ల్యూబిత్సా కళ్ళొత్తుకుంది.

సెంకా అరచేతులకు మాత్రం అర్థమైంది. వదిలినప్పుడు వేళ్ళు విప్పుకుంటాయి. ఇవి విప్పుకోలేదు. బిగుసుకునే ఉన్నాయి, బిగుసుకుని వణికాయి. వాటిలో బలం లేదు. అతను పట్టుకోవడానికి ప్రయత్నించాడు. ఇప్పుడు కూడా, ఈ మాటలన్నీ అన్నాక కూడా, ఆమెకు వదలకూడదనే ప్రయత్నించాడు. పట్టుకోలేకపోయాడు. ఇన్నేళ్ళుగా ఏ చేతుల్లోంచి లాక్కోవాలని ఆమె ప్రపంచమంతా ఆడిందో ఆ చేతులు ఎప్పుడో, ఆమె లేని ఏదో ఒక చలికాలంలో, ఎవరితోనూ చెప్పకుండా అయిపోయాయి. పొద్దున పచ్చడి సీసా గుర్తొచ్చింది. ఒక్క మాటా లేకుండా మూత తీసిచ్చిన తల్లి గుర్తొచ్చింది.

కళ్ళలో నీళ్ళు నిండితే దాచుకోలేదు. అతిథులు అది ఆనందమే అనుకున్నారు.

ఆమె రొట్టెను రెండుగా తుంచి ఒక ముక్క అక్కకు ఇచ్చింది. దానిత్సా తీసుకుంది కానీ తినలేదు. కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

రాదోవాన్ చేతులు రెండూ తుడుచుకునే గుడ్డలో చుట్టి, బల్ల కింద దాచుకుని కూర్చున్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. కూతురి ముఖం వైపు చూడలేదు.

సెంకా అతని పక్కన కూర్చుంది.

"నాకిచ్చేశావు కదా నాన్నా," అంది, అందరికీ వినిపించేట్టు.

అతను రొట్టె వైపు చూశాడు.

"ఇచ్చాను," అన్నాడు.